గెలిచినా జనం ఎందుకు తిట్టిండ్రు?

పది ఆటలు గెలిచిన జట్టును సొంత జనమే తిట్టిపోస్తరా? తిట్టిపోసిండ్రు. 2023లో అమెరికాల అయోవా రాష్ట్రంలో జరిగిన ముచ్చట ఇది. అయోవా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు ఆ ఏడు 10 ఆటలు గెలిచింది, 4 ఓడింది. తన డివిజన్‌ల మొదటి స్థానంల నిలిచింది. అయినా సొంత స్టేడియంల, సొంత రంగు అంగీలేసుకున్న జనమే 'బూ' అని కేకలేసిండ్రు. కోచ్ కొడుకును ఇంటికి పంపుమని నినాదాలిచ్చిండ్రు.

చూసినోళ్లు కొందరు ముక్కు మీద వేలేసుకున్నరు. గెలుపు కడుపు నిండా తింటూ ఇంకా ఏం కావాలె ఈ జనానికి అన్నరు. అయోవా జనం అడిగింది అత్యాశ కాదు. వాళ్లు అడిగింది లెక్క. లెక్క అడిగినోడు కుర్చీల కూసున్నోనికి ఎప్పుడూ శత్రువు లెక్కనే కనిపిస్తడు.

ముందుగాల ఆ జనం ఎవరో తెలుసుకోవాలె. అయోవా అంటే మక్కలు, పందుల పెంపకం, పల్లెటూర్లు. జనాభా సుమారు 32 లక్షలు. న్యూయార్క్‌కో, షికాగోకో ఉన్నట్టు పెద్ద లీగుల్ల ఆడే ప్రొఫెషనల్ జట్టు ఒక్కటి గూడ ఈ రాష్ట్రానికి లేదు. అందుకే యూనివర్సిటీ పిల్లలు ఆడే ఆటే ఆ రాష్ట్రానికి పండుగ. వాళ్ల స్టేడియం పేరు కిన్నిక్. 1939ల దేశంలనే ఉత్తమ ఆటగాడిగా హైస్‌మన్ ట్రోఫీ అందుకుని, 1943ల నేవీ శిక్షణ విమానం కూలి చనిపోయిన నైల్ కిన్నిక్ పేరది. దాని పక్కనే పిల్లల దవాఖాన ఉన్నది. 2017 నుంచి మొదటి క్వార్టర్ అయిపోంగనే దాదాపు 70 వేల మంది లేచి నిలబడి, కిటికీల కాడ నిలబడ్డ రోగి పిల్లలకు చేతులూపుతరు. ఇట్లాంటి జనం కోపానికొస్తే కారణం ఉంటది.

ఇగ ఆట సంగతి. ఇది మనం కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారం బంతిని చేతుల పట్టుకుని ఉరికే ఆట. బంతి చేతిలున్న జట్టుకు నాలుగు అవకాశాలుంటయి. ఆ నాలుగింటిల కనీసం పది గజాలు ముందుకు పోవాలె. పోతే మళ్ల నాలుగు. పోలేకపోతే బంతి ఎదుటోనికి. అందుకే మూడు సార్లు విఫలమైతే నాలుగోసారి బంతిని దూరంగ తన్నేస్తరు. దీన్నే పంట్ అంటరు. గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. కర్రల నడుమ తన్నితే ఫీల్డ్ గోల్, మూడు. ఎదుటోన్ని వాని గీత లోపలే పడేస్తే సేఫ్టీ, రెండు. ముఖ్యమైంది ఇంకోటున్నది. బంతి పట్టుకుని దాడి చేసే పదకొండు మంది వేరు, అడ్డుకునే పదకొండు మంది వేరు. మొదటోళ్లు అఫెన్స్. రెండోళ్లు డిఫెన్స్. ఒక్కో దళానికి ఒక్కో కో-ఆర్డినేటర్ ఉంటడు. వాని పైన హెడ్ కోచ్.

అయోవా హెడ్ కోచ్ కర్క్ ఫెరెంట్స్. 1999 సీజన్ నుంచి అదే కుర్చీల ఉన్నడు. జీతం ఏడాదికి 70 లక్షల డాలర్లు. 2017ల అఫెన్స్ కో-ఆర్డినేటర్ అయింది బ్రయాన్ ఫెరెంట్స్. ఇంటిపేరు చూస్తేనే సమజైతది. కొడుకు.

తండ్రి కింద కొడుకు పనిచేసుడు రూల్స్‌కు అడ్డం కదా అంటరు. దానికీ ఒక ఉపాయం చేసిండ్రు. కాగితం మీద కొడుకు బాస్ తండ్రి కాదు, అథ్లెటిక్ డైరెక్టర్. మైదానంల మాత్రం ప్రతిరోజు పక్కపక్కనే. కాగితాన్ని చూసి నమ్మేటంత అమాయకులు ఎవరున్నరు? తండ్రి ముఖం చూసి కొడుకును మందలించే డైరెక్టర్ ఎక్కడుంటడు? 

న్యాయంగ మాట్లాడాలంటే బ్రయాన్‌కు అర్హత లేదని ఎవరూ అనలేరు. ఇదే యూనివర్సిటీల ఆడిండు. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ అసొంటి ప్రొఫెషనల్ జట్టుల కోచ్‌గ చేసిండు. మొదటి ఏడే, 2017 నవంబర్‌ల, ఒహాయో స్టేట్ అనే కొండను 55-24తో ఢీకొట్టి పడేసిండ్రు. ఆయన చేతి కింద ఆడిన ఇద్దరు టైట్ ఎండ్‌లు హాకెన్సన్, ఫాంట్ 2019ల ప్రొఫెషనల్ లీగుకు మొదటి రౌండ్‌లనే ఎంపికైండ్రు. జనం ఆ రోజు చప్పట్లు కొట్టిండ్రు. కొడుకైనందుకు ఎవరూ తిట్టలే. పని చెడినంక తిట్టిండ్రు. ఈ తేడా గుర్తుపెట్టుకోవాలె.

పని ఎట్ల చెడ్డది? 2021 అక్టోబర్‌ల అయోవా దేశంల రెండో ర్యాంకుల ఉండె. పర్డ్యూ వచ్చి సొంత గడ్డ మీదనే 24-7తో కొట్టిపోయింది. అదే డిసెంబర్‌ల బిగ్ టెన్ ఛాంపియన్‌షిప్‌ల మిషిగన్ చేతుల 42-3. అక్కడి నుంచి జారుడే జారుడు. 2022 సెప్టెంబర్ 3న కింది స్థాయి డివిజన్‌ల ఆడే సౌత్ డకోటా స్టేట్ మీద 7-3తో గెలిచిండ్రు. ఏడు అనంగనే ఒక టచ్‌డౌన్, దాని మీద ఒకటి అనుకుంటం. కాదు. ఒక ఫీల్డ్ గోల్, రెండు సేఫ్టీలు. మూడు, రెండు, రెండు. రెండు సేఫ్టీలూ డిఫెన్స్ పిల్లలు తెచ్చినయి. టచ్‌డౌన్ ఒక్కటి లేకుండ గెలిచిన ఆట అది. గెలుపే, కాదనేదేముంది? కానీ ఆ రోజు స్టేడియం నుంచి ఇంటికి పోయిన రైతు ముఖం మీద సంబురం ఉంటదా?

ఆ ఏడు 13 ఆటలల్ల అయోవా చేసింది 230 పాయింట్లు. సగటు 17.7. గజాల లెక్కల 131 జట్లల్ల 130వ స్థానం. మరి డిఫెన్స్? అదే 13 ఆటలల్ల ఎదుటోళ్లకిచ్చింది 173 పాయింట్లే. ఆటకు 13 చొప్పున. దేశంల ఎవరికైనా ఈర్ష్య పుట్టించే డిఫెన్స్ అది. ఒక ఎద్దు నాగలి గుంజుతున్నది, ఇంకో ఎద్దు పండుకున్నది. చాలు వంకర పోయిందని పండుకున్న ఎద్దును అడుగుతే తప్పా?

జనం లొల్లి పెరిగింది. 2023 ఫిబ్రవరిల యూనివర్సిటీ ఒక కొత్త కాగితం బయటపెట్టింది. బ్రయాన్ జీతం 9 లక్షల డాలర్ల నుంచి 8 లక్షల 50 వేలకు తగ్గించిండ్రు. వచ్చే సీజన్‌ల ఆటకు సగటున 25 పాయింట్లు చేయాలె, కనీసం 7 ఆటలు గెలవాలె, లేకుంటే ఒప్పందం ముగుస్తదన్నరు. జవాబుదారీతనం వచ్చిందని సంబురపడేటోళ్లు పడ్డరు. కానీ ఆ పాతిక పాయింట్లల్ల డిఫెన్స్ చేసిన పాయింట్లు గూడ కలుపుకోవచ్చు. స్పెషల్ టీమ్స్ చేసినయి గూడ కలుపుకోవచ్చు. పక్కోని పొలంల పండిన వడ్లు నా కల్లంల పోసుకుని దిగుబడి చూపిస్తనంటే ఒప్పుకున్నట్టు! పైగా 25 అంటే ఏమన్న ఆకాశమా? చాలా జట్లు మామూలుగ చేసే సంఖ్యే. మామూలు పని చేస్తే నౌకరి ఉంటదని ఒప్పందంల రాసుకోవాల్సిన గతి ఏ పనిమంతునికి పడుతది?

2023 వచ్చింది. మిషిగన్ నుంచి తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్ సెప్టెంబర్ ఆఖర్ల మోకాలు దెబ్బతిని సీజన్‌కే దూరమైండు. ఇద్దరు మంచి టైట్ ఎండ్‌లు గాయపడ్డరు. ఇవి నిజమైన కష్టాలే. కానీ 2022ల 130వ స్థానానికి ఈ గాయాలు కారణం కావు గదా. పెన్ స్టేట్ మీద 0-31. మిన్నెసోటా మీద 10-12. మొదటి ఎనిమిది ఆటలల్ల 156 పాయింట్లు, సగటు 19.5. అప్పటికి పాత డైరెక్టర్ దిగిపోయి, తాత్కాలిక డైరెక్టర్‌గ బెత్ గోట్జ్ వచ్చింది. అక్టోబర్ 30న ఆమె ఒక్క మాట చెప్పింది. ఈ సీజన్ తర్వాత బ్రయాన్ ఉండడు. సీజన్ నడుమల ప్రకటించుడు తండ్రికి నచ్చలే. ఏండ్ల నుంచి ఎవరూ అనలేని మాట, కొత్తగ వచ్చిన ఒక మహిళ మూడు నెలలల్ల అన్నది.

మిగిలిన ఆరు ఆటలల్ల వచ్చినయి 60 పాయింట్లు. నార్త్‌వెస్టర్న్ మీద 10-7 గెలుపు, ఇల్లినాయ్ మీద 15-13 గెలుపు, నెబ్రాస్కా మీద 13-10 గెలుపు. ఛాంపియన్‌షిప్‌ల మిషిగన్ మీద 0-26. 2024 జనవరి 1న సిట్రస్ బౌల్‌ల టెన్నెసీ మీద 0-35. మొత్తం 14 ఆటలకు 216 పాయింట్లు, సగటు 15.4. ఒప్పందం ప్రకారం కావాల్సింది 350. గజాల లెక్కల 133 జట్లల్ల 133వ స్థానం. దాని కింద ఇంకోటి లేదు.

ఈ కథల నవ్వాలో ఏడ్వాలో తెలియని ముచ్చట ఒకటున్నది. ఆ జట్టుల అందరికంటే పేరు తెచ్చుకున్నోడు పంటర్! ఆస్ట్రేలియాల మెల్‌బోర్న్ నుంచి వచ్చిన టోరీ టేలర్. 2023ల 93 సార్లు బంతిని తన్నిండు, 4,479 గజాలు. 1938 నుంచి చెక్కుచెదరని రికార్డు బద్దలైంది. దేశంల ఉత్తమ పంటర్‌గ రే గై అవార్డు వచ్చింది. పంటింగే గెలుపు అని రాసిన టీషర్టులు అమ్ముడుపోయినయి. ఆయన విద్యార్థి వీసా మీద ఉన్నడు, ఆ సంపాదన ముట్టరాదు, అందుకే ధర్మానికిచ్చిండు. అమెరికాల మన పిల్లలు చదివే ఇండ్లల్ల ఈ వీసా బాధ ఎవరికీ చెప్పనక్కర లేదు. ఆ పిలగానికి దండం పెట్టాలె. కానీ పంటర్ అన్ని సార్లు మైదానంలకు వచ్చిండంటే అఫెన్స్ అన్ని సార్లు చేతులెత్తేసిందనే గదా. ఊర్లె అంబులెన్స్ డ్రైవర్‌కు ఉత్తమ సేవా పతకం వస్తే, సంబురంతోపాటు ఊర్లె రోగాలెందుకు పెరిగినయని గూడ అడుగాలె.

"గెలుస్తున్నం గదా" అన్నోళ్లకు ఇగ జవాబు. ఎవరు గెలిపించిండ్రు? అఫెన్స్ మూడు నిమిషాలు నిలువలేక వెనుకకొస్తే, చెమట ఆరకముందే డిఫెన్స్ పిల్లలు మళ్ల మైదానంలకు ఉరుకాలె. ఆ దెబ్బలు, ఆ కీళ్ల నొప్పులు వాళ్లవి. ఒక ఫీల్డ్ గోల్ ఇస్తే ఆట పోతదేమోననే భయం వాళ్లది. గెలుపు మాత్రం కోచ్ ఖాతాల. ఒకరి కష్టం మీద ఇంకొకరి కుర్చీ నిలుచుడంటే ఇదే.

ఈ కుర్చీల చుట్టూ ఇంకో లెక్క గూడ ఉన్నది. ఇదే ఫుట్‌బాల్ కార్యక్రమంల జాతి వివక్ష ఎదుర్కొన్నమని 12 మంది నల్లజాతి మాజీ ఆటగాళ్లు కేసు వేసిండ్రు. 2023 మార్చిల 41 లక్షల 75 వేల డాలర్లకు రాజీ కుదిరింది. అందుల 20 లక్షలు రాష్ట్ర ఖజానా నుంచి. డైరెక్టర్‌ను తీసెయ్యకుండ ప్రజల పైసలెట్లిస్తరని రాష్ట్ర ఆడిటర్ రాబ్ శాండ్ అడ్డం తిరిగిండు. ఇద్దరు అవునన్నరు, ఒక్కడు కాదన్నడు, పైసలు పోయినయి. అడిగేటోడు లేని కాడ ఆట ఒక్కటే చెడదు.

అభిమానులను గూడ ఒక మాట అనాలె. ఇరవై, ఇరవై ఒక్క ఏండ్ల క్వార్టర్‌బ్యాక్ బంతి వదిలేస్తే వాని మీద 'బూ' అని అరిచుడు తప్పు. వాడు చదువుకునే పిలగాడు. ఏ ఎత్తు వేయాలో చెప్పేది వాడు కాదు, లక్షల జీతం తీసుకునేటోడు. కోపం న్యాయమైందే, తాకాల్సిన చోట తాకాలె. బాణం వేసేటప్పుడు లేడిపిల్లను కొట్టి పులిని కొట్టిన అంటే ఎట్ల?

మరి జనం అడిగింది సరైందేనా? జవాబు మైదానమే చెప్పింది. 2024ల టిమ్ లెస్టర్ కొత్త కో-ఆర్డినేటర్‌గ వచ్చిండు. హెడ్ కోచ్ అదే కర్క్. గడ్డి అదే. పాసింగ్ ఆట అప్పటికీ బక్కగనే ఉండె. అయినా కేలెబ్ జాన్సన్ 1,537 గజాలు ఉరికిండు, జట్టు 13 ఆటలల్ల 360 పాయింట్లు చేసింది. సగటు 27.7. పాత ఒప్పందంల అసాధ్యమన్నట్టు రాసుకున్న 25ను ఒక్క కుర్చీ మారంగనే దాటేసిండ్రు. నిజమే, ఆ ఏడు గెలుపులు ఎనిమిదే. పది కంటే తక్కువే. కానీ ఆటలకు పోయినోనికి ఆట కనబడ్డది. 2025ల క్వార్టర్‌బ్యాక్‌గ తెచ్చుకున్నది ఎవరినో తెలుసా? 7-3 నాడు ఎదుట జట్టుల ఆడిన మార్క్ గ్రొనౌస్కిని.

2025 సెప్టెంబర్ 13న అదే కిన్నిక్ స్టేడియంల కర్క్ ఫెరెంట్స్ 206వ గెలుపు అందుకుని, వుడీ హేస్‌ను దాటి బిగ్ టెన్ చరిత్రలనే ఎక్కువ విజయాల కోచ్ అయిండు. చప్పట్లు కొట్టింది ఎవరు? రెండేండ్ల కింద కొడుకును దింపుమని అరిచిన జనమే. వాళ్లకు తండ్రి మీద పగ లేదు, కొడుకు మీద గూడ లేదు. చెడిన పనిని చెడిందని అన్నరు, బాగైనంక బాగైందన్నరు. జట్టు మీద ప్రేమ లేనోడు టికెట్ చింపుకుని ఇంట్ల కూసుంటడు. ప్రేమ ఉన్నోడే చలిల కూసుని గొంతు పోయేదాక అరుస్తడు. ఆ అరుపును ద్రోహమన్న పెద్దమనుషులు, 27.7 చూసినంకనన్న తమ మాట వాపసు తీసుకోవాలె.