బండి లేపే ముందు స్ప్రింగు చూడండి

షార్జా ఇండస్ట్రియల్ ఏరియా గ్యారేజీల దగ్గర నిలబడితే తెలుస్తుంది, మనవాళ్లకు ఎత్తు బళ్ల మీద ఎంత మోజో! సెకండ్ హ్యాండ్ ప్రాడోయో పజెరోయో కొనగానే 2 అంగుళాలు లేపమంటారు. లేపడం తప్పని మేమనం. చౌకలో లేపడమే మాకు నచ్చదు.

చౌకరకం అంటే స్పేసర్. పాత స్ప్రింగు మీద ఒక ముక్క పెట్టి బిగించేస్తారు. బండి లేస్తుంది, షాక్ అబ్జార్బర్ మాత్రం పాతదే. నిలబడ్డప్పుడే అది సాగి ఉంటుంది కాబట్టి గుంతలో చక్రం కిందికి దిగే జాగా తగ్గుతుంది. దాని మీద పిల్లల్ని, సామాన్లని, సెలవురోజు బిర్యానీ గిన్నెల్ని ఎక్కిస్తాం. సైట్లో స్కాఫోల్డింగ్ ఇంకో అంతస్తు పెంచితే బేస్ ప్లేట్లు, బ్రేసింగ్ చూడకుండా లేబర్‌ని ఎక్కనిస్తామా? ఇంటివాళ్ల దగ్గరికొచ్చేసరికి గ్యారేజీ మెకానిక్ మాటే వేదం!

స్ప్రింగు, షాక్ ఒకదానికొకటి సరిపడే కిట్‌గానే కొనాలి. మోసే బరువు చెప్పి ఎంచుకోవాలి. నలుగురే తిరిగే బండికి హెవీ డ్యూటీ స్ప్రింగులు వేస్తే నడుం విరుగుతుంది. బిగించాక వీల్ అలైన్‌మెంట్ చేయించాలి, హెడ్‌లైట్లు కిందికి దించాలి, బ్రేకు గొట్టాలు బిగుసుకోలేదని చూసుకోవాలి. అనుమతి లేని మార్పని పాసింగ్‌లో ఆపితే పెట్టిన డబ్బంతా ఇసుకపాలే. ఎత్తు పెరిగిన బండి రౌండెబౌట్ల దగ్గర ఎక్కువ ఒరుగుతుంది కూడా.

అసలు ఏడాదికి నాలుగుసార్లు ఇసుకలోకి వెళ్లే కుటుంబానికి లిఫ్టెందుకు? టైర్లలో గాలి 15 పీఎస్‌ఐ దాకా దించితే చాలాచోట్ల బండి దిగబడదు. ఆ డబ్బుతో చిన్న కంప్రెసర్ కొనండి, రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి కొట్టుకోవడానికి.