పంపు ఒక్కటే చాలదు, పని నేర్పాలి

పోడు భూములకు సౌరవిద్యుత్తుతో నీళ్లిస్తామంటూ తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వం 2025 మే 19న నల్లమలలోని అమ్రాబాద్ మండలం మాచారంలో ‘ఇందిర సౌర గిరి జల వికాసం’ ప్రారంభించింది. ఐదేళ్లలో రూ.12,600 కోట్లతో 2.10 లక్షల మంది గిరిజన రైతులకు చెందిన 6 లక్షల ఎకరాలను తడపాలన్నది లక్ష్యం. అటవీ హక్కుల పట్టా చేతికొచ్చినా వాన మొగులు చూసి బతుకుతున్న చెంచులకు, లంబాడీలకు ఈ సాయం ఎప్పుడో అందాల్సింది. కానీ బిగించి వెళ్లిపోవడమే కాంట్రాక్టరు పనైతే ఆ పంపులు ఎన్నాళ్లో నడవవు.

మోటారు కాలితే మైదాన ప్రాంత రైతు దాన్ని పైకి తీయించి వైండింగ్ షాపుకు పట్టుకెళ్తాడు. షాపు దగ్గర్లోనే ఉంటుంది. అడవిలోని చెంచు పెంటలో సోలార్ కంట్రోలర్ మొరాయిస్తే ఎవరొస్తారు? వచ్చేలోగా చేను ఎండిపోదా? అందుకే ప్రతి పెంటలో, తండాలో కనీసం ఇద్దరికి, అందులో ఒక మహిళకు, పంపుకన్నా ముందే మరమ్మతుల్లో శిక్షణ ఇవ్వాలి.

చదువు లేనివాళ్లకు ఇవన్నీ ఎలా వస్తాయన్న వాదన చెల్లదు. కేంద్రం నడిపే సూర్యమిత్ర శిక్షణకు పదో తరగతి, ఐటీఐ అడుగుతారు. చాలా పెంటలకు ఆ గడపే అడ్డు. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ మాత్రం అక్షరం రాని ఆఫ్రికా అమ్మమ్మలకు రంగుల గుర్తులతో ఆరు నెలల్లోనే సోలార్ దీపాలు బిగించడం, బాగుచేయడం నేర్పి పంపింది. అంత దూరమెందుకు? ఉమ్మడి రాష్ట్రంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడిచిన భూగర్భజల ప్రాజెక్టులో నల్లగొండ, మహబూబ్‌నగర్ రైతులే బోర్ల నీటిమట్టం కొలిచారు, వాన లెక్క రాశారు, ఉన్న నీటికి తగ్గ పంట వేసుకున్నారు.

ఆ నీటి లెక్క ఇప్పుడు మరీ అవసరం. కరెంటు బిల్లు లేని పంపు ఎండ ఉన్నంతసేపూ తోడుతుంది. అడుగున ఉన్నది రాతినేల. ఎంత తోడాలో, ఎప్పుడు ఆపాలో గ్రామసభలో నిలబడి చెప్పగల స్థానిక నాయకత్వం లేకుంటే బోర్లు వట్టిపోతాయి.

శిక్షణ కాలానికి కూలి గిట్టుబాటయ్యే భత్యం ఇవ్వాలి. విడిభాగాలు మన్ననూరు ఐటీడీఏలో నిల్వ ఉంచాలి. నిర్వహణ ఒప్పందంలో స్థానికులకే జీతంతో పని ఇవ్వాలన్న షరతు పెట్టాలి. ఆ షరతు పాటించని కాంట్రాక్టరుకు బిల్లు ఆపాలి.