ఎర్రదీపానికి ఎక్సెల్ బండి కనబడాలి

తెల్లవారుజామున నాలుగు గంటలకు చౌరస్తాలో ఎర్రదీపం వెలుగుతూ ఉంటుంది. అటు చూస్తే మనిషి లేడు, ఇటు చూస్తే బండి లేదు. పాలక్యాన్లు కట్టుకొచ్చిన రైతు మోటారు సైకిలు ఆపి క్షణం నిలబడతాడు. తరువాత ఏం చేస్తాడో మనందరికీ తెలుసు. ఆయనను తప్పుపట్టే ముందు ఆ దీపాన్ని ఒక ప్రశ్న అడగాలి. తన ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడని దానికి తెలుసా?

2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరు కార్యాలయాలు వచ్చాయి, రాకపోకలు పెరిగాయి, చౌరస్తాలకు సిగ్నల్ దీపాలు కావాలన్న కోరికా పెరిగింది. కోరిక న్యాయమైనదే. అయితే గడియారం లెక్కన తిరిగే దీపానికి మధ్యాహ్నమూ అర్ధరాత్రీ ఒక్కటే. ఖాళీ రోడ్డు మీద మనిషిని నిలబెట్టి, దీపాన్ని లెక్కచేయకపోవడం నేర్పేది అదే. అందుకు విరుగుడుగా వచ్చినవే వాహనాన్ని పసిగట్టి పచ్చదీపం ఇచ్చే పరికరాలు. వాటినే సెన్సర్లంటారు. రేపో మాపో మన పట్టణాలకూ వీటిని తెద్దామని ఎవరో ఒకరు అంటారు. అంతకు ముందే ఒక మాట చెప్పుకోవడం మంచిది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1928లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో చార్లెస్ ఆడ్లర్ అనే ఆయన పక్కదారి మొదట్లో మైకు అమర్చాడు. బండివాడు హారను కొడితే దీపం మారేది. మన చౌరస్తాల్లో అదే పెట్టి ఉంటే దీపానికి పిచ్చెక్కేది!

తరువాత రోడ్డులో తీగ పాతే పద్ధతి వచ్చింది. కాలిఫోర్నియాలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఆ తీగతో ఒక రాత్రి పడ్డ పాట్లు ఫోనులో చెప్పాడు. అక్కడ బండ్లు కుడివైపున నడుస్తాయి కనుక ఎడమకు తిరగాలంటే ఎదురు వాహనాలను దాటాలి. దానికి వేరే దీపం ఉంటుంది. “మామా, మూడుసార్లు అందరికీ పచ్చదీపం వచ్చింది, నాకు మాత్రం రాలే. వెనుక ఒక కారు వచ్చి ఆగినంక గని తిరగలే” అన్నాడు. రెండు లక్షల మైళ్లు తిరిగిన పాత కారైనా ఫరవాలేదు గాని, కొత్త మోటారు సైకిలు ఆ దీపానికి ఆనలేదన్నమాట.

కారణం బరువు కాదు. చాలామంది రోడ్డు కింద త్రాసులాంటిది ఉంటుందనుకుంటారు. ఉండదు. రోడ్డుకు గాడి కోసి, అందులో రాగితీగను మూడు నాలుగు చుట్లు చుట్టి, పైన పూత వేస్తారు. తీగలో సెకనుకు వేల సార్లు దిశ మారే కరెంటు పారుతుంది. పైకి లోహం వస్తే ఆ లోహంలోనూ చిన్న చిన్న సుడి కరెంట్లు పుడతాయి. దానితో తీగ స్వభావం కొద్దిగా మారుతుంది. పక్కనున్న పెట్టె ఆ మార్పును పట్టుకొని బండి వచ్చిందని గ్రహిస్తుంది. కారు అడుగుభాగం వెడల్పాటి రేకు కనుక మార్పు ఎక్కువ. మోటారు సైకిలు సన్నగా నిలువుగా ఉంటుంది. గాడి చతురస్రం నడిమధ్యన ఆగితే దాదాపు ఏమీ తెలియదు. అదే బండి చక్రాలు రెండూ కోసిన గీత మీద ఆగితే తెలుస్తుంది. తీగకు అతి దగ్గరగా ప్రభావం బలంగా ఉంటుంది, అక్కడ అది నిలువుగా ఉన్న చక్రాన్ని అడ్డంగా దాటుతుంది. మేనల్లుడు మరునాటి నుంచి గీత మీద ఆపడం మొదలుపెట్టాడు, దీపం మారసాగింది. బండి కింద అయస్కాంతం అంటిస్తే చాలని అక్కడ కొందరు అమ్ముతారట. అది వట్టి డబ్బు దండగ. ఇక్కడ పని చేసేది అయస్కాంతం కాదు, కరెంటు పారగల లోహం. ఇనుము కాని అల్యూమినియం చక్రమైనా పనికొస్తుంది.

అమెరికాలోనే ఇందుకు రెండు దారులు తొక్కారు. మిన్నెసోటా రాష్ట్రం 2002లో, దీపం తమను గుర్తించకపోతే తగినంత సేపు ఆగి, దారి ఖాళీగా ఉందని చూసుకొని దాటిన మోటారు సైకిలు వారికి చట్టంలో రక్షణ ఇచ్చింది. కాలిఫోర్నియా 2007లో వేరే విధంగా ఆలోచించింది. కొత్తగా పెట్టే, మార్చే సెన్సరు దీపాలు సైకిళ్లనూ మోటారు సైకిళ్లనూ గుర్తించి తీరాలని శాసించింది. మనకు రెండవదే తగినది. భూపాలపల్లిలో రాత్రి షిఫ్టు దిగి నిద్రకళ్లతో ఇంటికి పోయే సింగరేణి కార్మికుణ్ణి, నీవే చూసుకొని దాటవయ్యా అని బొగ్గు టిప్పర్ల ముందుకు తోయడం ఏం రక్షణ?

పైగా మన చట్టంలో ఆ వెసులుబాటు కూడా లేదు. 1988 మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ఎర్రదీపం దాటడాన్ని ప్రమాదకరంగా నడపడంలో చేర్చింది. దీపం నిన్ను చూసిందా లేదా అని చలానా అడగదు.

మన రోడ్ల మీద తీగ పద్ధతి నిలవడం కష్టమే. నీళ్ల గొట్టానికొకసారి, కేబులుకొకసారి తవ్వుతూనే ఉంటాం. పైగా వరుసలో ఆగే అలవాటు మనకు లేదు. కనుక స్తంభం మీది కెమెరాతో చూసే పద్ధతే వచ్చే అవకాశం ఎక్కువ. అది మేలే గాని దానికీ లోపాలున్నాయి. తెరమీద గీసిన గడిలో ఆగిన బండినే అది లెక్కిస్తుంది. గడి దాటి ఓరగా, వేపచెట్టు నీడన ఆగిన బండి దానికి లేనట్టే. మనవాళ్లు ఎండాకాలంలో ఆగేది అక్కడే కదా! బొగ్గు దుమ్ము పట్టిన అద్దానికి రాత్రి ఒంటి దీపం ఎంత కనబడుతుందో కూడా చూసుకోవాలి.

అసలు ముప్పు ఎక్కడంటే పక్కదారిలో. ఇలాంటి దీపాలను సాధారణంగా పెద్ద రహదారికి పచ్చదీపం ఉంచి, పక్కదారి నుంచి బండి వచ్చినప్పుడే మార్చేలా అమరుస్తారు. రహదారి మీద పోయేది కార్లు, బస్సులు, లారీలు. పక్కదారిలో వచ్చేది ఊళ్ల నుంచి మోటారు సైకిళ్లు, మోపెడ్లు. జనగామ ఆసుపత్రికి భార్యను వెనుక కూర్చోబెట్టుకొని వచ్చేవాడు, మహబూబాబాద్‌లో వేకువ రైలు అందుకోవాలని వచ్చేవాడు, మిర్చి ధర కనుక్కోవడానికి మార్కెట్టుకు బయలుదేరినవాడు, అందరూ ఆ దారినే వస్తారు. సెన్సరుకు వారు ఆనకపోతే పచ్చదీపం కార్లవాళ్ల సొత్తయిపోతుంది. దేశంలో రిజిస్టరైన వాహనాల్లో ప్రతి నాలుగింటిలో ఇంచుమించు మూడు ద్విచక్ర వాహనాలే. ఎక్కువమంది ఎక్కే బండిని చూడలేని యంత్రానికి ప్రజాధనం ఎందుకు పెట్టాలి?

కనుక పురపాలక అధికారులకూ పోలీసు అధికారులకూ ఒక మనవి. టెండరు కాగితంలో ఒక్క వాక్యం చేర్చండి. దీపాలు అప్పగించుకునే రోజున జీపుతో పరీక్షించవద్దు. ఒక టీవీఎస్ ఎక్సెల్ బండిని పక్కదారిలో ఒంటరిగా నిలపండి. ఒకసారి పట్టపగలు, ఒకసారి అర్ధరాత్రి, ఒకసారి వానలో. గడి మధ్యన, ఎడమ అంచున, కుడి అంచున. మూడుచోట్లా పచ్చదీపం వచ్చాకనే గుత్తేదారుకు బిల్లు చెల్లించండి. ఎక్కడ ఆగితే దీపం చూస్తుందో రోడ్డు మీద తెల్లరంగుతో బండి బొమ్మ గీయండి. చదువురానివారికి కూడా అది అర్థమవుతుంది. సున్నితత్వం మరీ పెంచితే పక్కగా పోయే లారీకి కూడా దీపం మారుతుందని గుత్తేదారు అంటాడు. అది నిజమే. దానికి తగ్గట్టు సరిచూసి పెట్టడమే ఆయన పని.

పరీక్ష రోజున బండి దొరకలేదని మాత్రం అనవద్దు. నా ఎక్సెల్ మా ఇంటి ముందే ఉంటుంది. తాళంచెవి ఇస్తాను, పెట్రోలు కూడా నాదే.