ఫ్లెక్సీలో ఎవరి బొమ్మ పెద్దది?

సుచిత్ర దాటి పేట్ బషీరాబాద్ మీదుగా మేడ్చల్ వెళ్లే సిటీ బస్సుల్లో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం. ఓటరుగా మహిళ బలమెంతో పార్టీలన్నిటికీ బాగా తెలుసు. అభ్యర్థిగా నిలబెట్టమంటేనే లెక్కలు మొదలవుతాయి. ఆ ఏడాది ఎన్నికల్లో 119 మంది ఎమ్మెల్యేల్లో గెలిచిన మహిళలు పదిమందే. తెలంగాణ రాష్ట్రం వచ్చాక మంత్రివర్గంలో ఒక మహిళను చూడ్డానికి 2019 సెప్టెంబరు దాకా ఆగాం. సాయుధ పోరాట యోధులు చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం పేర్లు వేదికల మీద మార్మోగే రాష్ట్రం మనది మరి!

కుత్బుల్లాపూర్ మున్సిపాలిటీ 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిశాక మన మాట వినాల్సింది కార్పొరేటర్లే. వార్డుల్లో సగం మహిళలకు రిజర్వయ్యాయి. 2021లో గద్వాల విజయలక్ష్మి మేయరయ్యారు. అయినా గల్లీలో ఫ్లెక్సీ చూడండి: మహిళా కార్పొరేటర్ ఫొటో పక్కనే ఆమె భర్త ఫొటో, ఒక్కోసారి ఇంకాస్త పెద్దగా. డ్రైనేజీ పొంగితే ఫోనెత్తేదీ ‘సారే’. దీనికి ఆమెను నిందించడం సులువు. సంతకం ఆమెది, పెత్తనం ఇంకొకరిది అయ్యేలా టికెట్లిచ్చే పార్టీలను ఎవరూ అడగరు.

చట్టసభల్లో మూడో వంతు సీట్లిస్తామన్న 2023 చట్టం జనగణనకూ పునర్విభజనకూ ముడిపడి పుట్టింది. ఇక మన వార్డుల సంగతికొస్తే, రిజర్వేషన్ మారగానే వార్డు పోగొట్టుకున్న మహిళలకు ఆ తర్వాత జనరల్ సీటులో టికెట్ ఎందుకు రాదన్నదే ఈ సంచికలో మేం వెంటపడిన ప్రశ్న.