ఆటవిడుపు: మెరుపుదాడి వెనుక లెక్క

అమెరికాలో స్థిరపడిన మన పిల్లల మూలంగా ఆ దేశపు ఫుట్‌బాల్ పేరు మన ఇళ్ళలోనూ వినబడుతున్నది. కాలికన్న చేతికే ఎక్కువ పని కల్పించే ఆ ఆటను మైదానంలో ఆడే అవకాశం మనకు అరుదు. అయితే వీడియో గేమ్ రూపంలో అది సెలవులకు వచ్చే మనుమలతో పాటు మన ముందుగదిలోకి వస్తుంది. అటువంటి గేములలో ప్రసిద్ధమైనది ‘మాడెన్’. పేరుపొందిన శిక్షకుడు జాన్ మాడెన్ పేరిట ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ 1988లో దీనిని తొలిసారి విడుదల చేసింది. నాటి కంప్యూటర్ల శక్తి చాలక, జట్టుకు ఆరేడుగురితో సరిపెట్టాలని తయారీదారులు తలపోశారు. పదకొండుగురూ ఉండి తీరవలసిందేనని మాడెన్ పట్టుబట్టారు. 2021లో కన్నుమూసిన ఆయన పట్టుదల ఎంత సమంజసమైనదో, ఈ నెల మనం చెప్పుకోబోయే ‘బ్లిట్జ్’ వ్యూహాన్ని చూస్తే తెలుస్తుంది. ఆ వ్యూహమంతా పదకొండుగురిని పంచుకునే లెక్కయే.

ముందుగా ఆట స్వరూపం చూద్దాము. పది గజాలు ముందుకు సాగడానికి దాడి జట్టుకు నాలుగు అవకాశాలుంటాయి. వీటిని డౌన్లు అంటారు. బంతిని ఎవరికి విసరాలో నిర్ణయించేవాడు క్వార్టర్‌బ్యాక్. అతని ముందు ఐదుగురు గోడవలె నిలుస్తారు. రక్షణ జట్టు సాధారణంగా నలుగురిని అతనిపైకి పంపి, తక్కిన ఏడుగురిని బంతి అందుకునే రిసీవర్లకు కాపలా ఉంచుతుంది. ఐదుగురిని గాని, అంతకు మించి గాని పంపితే అది బ్లిట్జ్. జర్మన్ భాషలో ఈ మాటకు మెరుపు అని అర్థం.

కొత్తగా ఆడేవారికి ఈ మెరుపు మీద మోజు ఎక్కువ. ప్రతిసారీ ఆరుగురినో ఏడుగురినో పంపుతారు. ఒకటి రెండుసార్లు క్వార్టర్‌బ్యాక్ చిక్కుతాడు. మూడవసారి అతడు చటుక్కున బంతి విసురుతాడు. అందుకున్నవానిని ఆపడానికి వెనుక ఎవ్వరూ ఉండరు. ముగ్గురు స్లిప్ ఫీల్డర్లను పెట్టిన కెప్టెన్‌కు బౌండరీ దగ్గర ఖాళీ మిగిలినట్లే ఇదీను. ముందుకు పంపిన ప్రతి మనిషీ వెనుక నుండి తెచ్చిన అప్పు. తీర్చే దారి చూసుకున్న తరువాతనే అప్పు చేయాలి.

కావున సంఖ్య కన్న అమరిక ముఖ్యం. ఉదాహరణకు మూడవ డౌన్, ఇంకా ఎనిమిది గజాలు కావాలి అనుకుందాము. ఎదుటివాడు బంతి విసరడం దాదాపు ఖాయం. మనం ‘నికెల్’ అమరికను ఎంచుకుంటాము. అందులో ముందు వరుసలో నలుగురు, వారి వెనుక ఇద్దరు లైన్‌బ్యాకర్లు, ఆ వెనుక ఐదుగురు ఉంటారు. ముందు వరుసలో ముగ్గురు దూకుతారు. వారికి తోడుగా కుడి వైపు నుండి ఒక లైన్‌బ్యాకర్, లోపలి రిసీవర్‌ను కాచే కార్నర్‌బ్యాక్ వస్తారు. ఎడమ చివరివాడు దూకుతున్నట్లు కనిపించి, వెనక్కు తగ్గి దగ్గరి ఖాళీని కాస్తాడు. దాడికి ఐదుగురు, దగ్గరి కాపలాకు ముగ్గురు, దూరపు కాపలాకు ముగ్గురు, మొత్తం పదకొండుగురు. ఎదుటి గోడలోనూ ఐదుగురే ఉన్నారు. అయినా వారిలో ఒకడు ఎవ్వరూ రాని దిక్కున కాచుకొని ఉండగా, రెండవ వైపు మనవాడొకడు అడ్డు లేకుండా చొరబడతాడు. ఇదే జోన్ బ్లిట్జ్. నిజమైన మైదానంలో దీనికి ప్రఖ్యాతి తెచ్చినవారిలో శిక్షకుడు డిక్ లెబో ముఖ్యుడు. సిన్సినాటి బెంగాల్స్, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్ల రక్షణను ఆయన తీర్చిదిద్దాడు.

ఇక తెర ముందు పాటించవలసినవి కొన్ని. బంతి కదిలేలోగా ముందు వరుసను ఒక వైపుకు జరిపి, లైన్‌బ్యాకర్‌ను సందుకు ఎదురుగా నిలపవచ్చు. ఆ పని ఆఖరి క్షణంలో చేయాలి; ముందే చేస్తే ఎదుటివాడు గోడను అటే తిప్పుకుంటాడు. తొందరపడి బంతి కదలకముందే గీత దాటితే ఐదు గజాల జరిమానా తప్పదు. దూకే పని కంప్యూటర్‌కు అప్పగించి, మీరు మధ్యలోని లైన్‌బ్యాకర్‌ను మీ చేతిలో ఉంచుకోండి. దాడి చూసి బెదిరిన క్వార్టర్‌బ్యాక్ ఖాళీ అయిన చోటికే బంతి విసురుతాడు. అక్కడ మీరు సిద్ధంగా ఉండాలి. అతడు పరుగులో దిట్ట అయితే, పక్కలకు జారిపోకుండా చివరివారిలో ఒకరిని కట్టడికి నియోగించండి. ఎదుటివాడు ఒక రన్నింగ్‌బ్యాక్‌ను గోడకు తోడుగా నిలిపితే నిరాశ వద్దు. బంతి అందుకునేవారిలో ఒకరు తగ్గినట్లే గదా!

అన్నిటికన్న ముఖ్యమైనది మితం. దూకుతున్నట్లు నాలుగుసార్లు కనిపించి, ఒక్కసారి మాత్రమే నిజంగా దూకాలి. అప్పుడు ఎదుటివాడు బంతి అందుకోకముందే తడబడతాడు. ఆ తడబాటే మన లాభం. ఈ గేములోని అభ్యాస విభాగంలో ఒక్క వ్యూహాన్ని ఎంచుకుని పదిసార్లు ఆడి చూడండి. ప్రతిసారీ ఎవరు దూకారన్నది కాక, ఏ చోటు ఖాళీ అయిందన్నది గమనించండి. ఈసారి మనుమడు కంట్రోలర్ చేతికిస్తే, అతడు బంతి విసిరే చోట మీ మనిషి ముందే నిలబడి ఉంటాడు.