పక్కకి ఒత్తిగిలితే కళ్లు తిరుగుతున్నాయా?

మంచం మీద ఒత్తిగిలినా, అటకమీది డబ్బా కోసం తలెత్తినా ఇల్లంతా గిర్రున తిరిగి, నిమిషంలోపే సర్దుకుంటోందా? పైత్యమనో, నీరసమనో సరిపెట్టుకోకండి. లోపలి చెవిలోని సన్నటి సున్నపు రేణువులు చోటు తప్పి, పక్కనున్న నాళాల్లోకి జారితే ఇలాగే అవుతుంది.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రాలక్కర్లేదు. చెవి డాక్టరు మీ తలని ఓ పక్కకి తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టి కళ్ల కదలిక చూస్తారు. 1952 నుంచీ ఉన్న డిక్స్-హాల్‌పైక్ పరీక్ష ఇది. జబ్బు అదేనని తేలితే, అక్కడే తలని వరసగా తిప్పి రేణువుల్ని వాటి చోటికి పంపిస్తారు. ఈ ఎప్లీ పద్ధతితో చాలామందికి ఒకటి రెండుసార్లకే తగ్గిపోతుంది.

మరి చెవిలో చన్నీళ్లూ వేణ్ణీళ్లూ పోసి చూసే పరీక్ష, శబ్దం వినిపించి మెడ కండరాల స్పందన చూసే వెంప్ పరీక్ష ఎందుకంటారా? తగ్గనివాళ్లకీ, మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకీ. వాటిలో తేడా కనిపిస్తే వైద్యం ఎక్కువసార్లు చేయాల్సిరావచ్చు, తగ్గాక కూడా కొన్నాళ్లు తూలు ఉండొచ్చు. కచ్చితంగా అలాగే అవుతుందని కాదు. ముందే తెలిస్తే తూలు తగ్గించే వ్యాయామాలు మొదలెట్టొచ్చు.

ఒక్క మాట: కళ్లు తిరగడంతోపాటు మాట తడబడినా, చెయ్యీ కాలూ పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనిపించినా ఇది చెవి సంగతి కాకపోవచ్చు. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.