తుపాకులు దిగాక చేరిన ఉత్తరం

గూఢచారి సినిమా వస్తే మన కుర్రాళ్లు ఈలలేస్తారు. వెయ్యనియ్యండి, తప్పు లేదు. దొంగచాటుగా ఆయుధాలమ్మే కోటీశ్వరుడు, వాడి ఇంట్లోకి దూరిన వేగు, చివరికి బేరం చెడిపోవడం. కథ ఇంతే. కానీ ఆ తుపాకులు ఎవరి మీదికి పోవాల్సినవో, ఆ జనం మాత్రం తెర మీద కనపడరు. మేం అడిగేది వాళ్ల గురించే.

జాన్ లె కారే ఒకప్పుడు బ్రిటిష్ గూఢచారి శాఖలో పనిచేసినవాడు. 1993లో 'ది నైట్ మేనేజర్' అనే నవల రాశాడు. అందులో ఆయుధాల వ్యాపారి తప్పించుకుంటాడు. వాణ్ణి కాపాడే పెద్దలు ప్రభుత్వంలోనే ఉంటారు గదా! 2016లో టీవీ సీరియల్ తీసినోళ్లు ముగింపు మార్చారు. సరుకు పేలిపోతుంది, వ్యాపారి చిక్కుతాడు. చూసినోళ్లు హాయిగా పడుకున్నారు.

రెండింట్లో ఏది నిజం? పురూలియాని అడగండి.

1995 డిసెంబర్ 17 రాత్రి పశ్చిమ బెంగాల్‌లోని ఆ జిల్లా పల్లెల మీద ఒక విమానం పారాచూట్లు కట్టిన పెట్టెలు జారవిడిచింది. తెల్లారి చూస్తే వందల ఏకే-47లు, లక్షల తూటాలు. సరుకు బల్గేరియాది.

ఇది ఎవరికీ తెలియని రహస్యమా? కాదు. బేరంలో ఉన్న బ్రిటిష్ వ్యాపారి పీటర్ బ్లీచ్ ముందే తన దేశపు అధికారులకు చెప్పాడు. వాళ్లు ఢిల్లీకి చెప్పారు. ఢిల్లీ ఏం చేసింది? రాష్ట్రానికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపింది! అది చేరేసరికి తుపాకులు దిగిపోయాయి. మన వాడలో నలుగురం కూడి మాట్లాడుకుంటే గంటలో జీపు దిగుతుంది. విమానం నిండా తుపాకులొస్తుంటే మాత్రం పోస్టుమాన్‌ని పంపారు.

తర్వాత విమానాన్ని బొంబాయిలో దింపారు. సూత్రధారి కిమ్ డేవీ విమానాశ్రయం నుంచే మాయమయ్యాడు. బ్లీచ్‌కూ, సిబ్బంది అయిదుగురికీ 2000లో యావజ్జీవ శిక్ష పడింది. సిబ్బందిని అదే ఏడు, బ్లీచ్‌ని 2004లో వదిలేశారు. డేవీని పంపబోమని డెన్మార్క్ కోర్టులు 2011లో ఒకసారి, 2024లో ఇంకోసారి తేల్చాయి. ఆనందమార్గ్ కోసం వచ్చిన ఆయుధాలని సీబీఐ అన్నది. ఆ సంస్థ కాదన్నది. ఢిల్లీకి అన్నీ తెలుసని డేవీ అన్నాడు. పెద్దలు ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. పెట్టెలు నెత్తిన పడిన పల్లెలకు జవాబు చెప్పినోడు లేడు.

అందుకే మేమనేది, ఆయుధాలు ఆపడానికి ఒక్క హీరో చాలడు. వాడు ప్రాణాలకు తెగించి తెచ్చిన కబురు ఏదో ఒక ఆఫీసు బల్ల మీద పడుకుంటుంది. ఎవరికి ఎప్పుడు తెలిసింది? తెలిసినోడు ఏం చేశాడు? మా ఊరికి ముందే ఎందుకు చెప్పలేదు? ఈ మూడు ప్రశ్నలూ సంఘంలో అడగండి, సభలో అడగండి, ఓటుకొచ్చినోణ్ణి నిలేసి అడగండి.

సినిమా చూడండి, ఈలెయ్యండి. హాలు బయటికొచ్చాక మాత్రం నోరు మూసుకోకండి.